గ్యారేజీలో ఉన్న రేకును

నన్ను చూసి షెడ్డు కప్పు రేకు అనుకునేరు. కాదు, తుఫాను వస్తుందంటే కిటికీ మీద బిగించే రేకును. అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలో, టాంపాకు ఉత్తరాన కొత్తగా లేచిన ఇళ్ల వరసలో ఒక తెలుగువాళ్ల గ్యారేజీ నా కాపురం. ముడతలుగా వంచిన ఉక్కు, దానిమీద జింకు పూత, పైనా కిందా బోల్టు చిల్లులు. ఇదే నా ఒళ్లు.

1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ మయామికి దక్షిణాన హోమ్‌స్టెడ్ వైపు ఊళ్లకు ఊళ్లనే తుడిచేసింది. ఆ తర్వాతే రాష్ట్రమంతటికీ ఒకే భవన నియమావళి రాసి 2002లో అమల్లో పెట్టారు. గాలి ఉధృతంగా వీచే చోట కొత్త ఇంటికి దెబ్బ తట్టుకునే అద్దాలైనా ఉండాలి, మాలాంటి రేకులైనా ఉండాలి. అద్దాలు ఖరీదు. అందుకని బిల్డరు మమ్మల్ని ఇచ్చి చేతులు దులుపుకున్నాడు.

అద్దం పగిలితే పోయేది అద్దం ఒక్కటే కాదు. ఆ సందులోంచి దూరిన గాలి కప్పును లోపల్నుంచి పైకి తోస్తుంది, బయటి గాలి పైనుంచి లాగుతుంది. కప్పును గోడకు పట్టి ఉంచే ఇనప పట్టీలు ఎంతసేపని ఓర్చుకుంటాయి?

జూన్ 1న హరికేన్ల కాలం మొదలైనా మమ్మల్ని ముట్టుకున్నవాళ్లు లేరు. గృహప్రవేశానికి విశాఖ నుంచి వచ్చిన పెద్దావిడ ఊరుకోలేదు.

"ఒరేయ్, ఆ రేకులు ఓసారి బిగించి చూడు."

"ఇప్పుడేం తొందరమ్మా, పెద్దవన్నీ సెప్టెంబరులోనే వస్తాయి."

"హుద్‌హుద్ తుఫాను రోజున మన కిటికీలు చౌకట్లతో సహా లేచిపోయాయి. నాకు చెప్పకు."

2014 అక్టోబరు చూసిన మనిషితో వాదన ఏం నెగ్గుతుంది? ఆదివారం మమ్మల్ని బయటికి తీశారు. నా అంచు కత్తిలా ఉంటుంది, చేతికి తొడుగులు లేకపోతే రక్తమే. తీరా చూస్తే గోడలోని బోల్టుల మరల్లో పెయింటు గడ్డకట్టుకుపోయి ఉంది, నట్టు అరచుట్టు కూడా తిరగలేదు. ఇంటాయన తీగ బ్రష్షుతో గీకి, నూనె రాసి, సాయంత్రానికి దారికి తెచ్చాడు. వంటింటి కిటికీకి వింగ్ నట్లే ఇవ్వలేదు. జూన్ కాబట్టి దుకాణంలో దొరికాయి. తుఫాను గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోకి వచ్చాక అక్కడ ఖాళీ అరలే ఉంటాయి. పెద్దావిడ మాట మీద నా వీపున మార్కర్‌తో "వంటిల్లు, 3, ఇటు పైకి" అని రాశారు.

కోడలు వరద బీమా కట్టేసింది. మామూలు ఇంటి బీమాలో వరద నష్టం రాదు. ప్రభుత్వ వరద బీమా అయితే కొన్నాక అమల్లోకి రావడానికి సాధారణంగా 30 రోజులు పడుతుంది.

ఎదురింటాయన మాత్రం అద్దాలకు అడ్డదిడ్డంగా టేపు అంటిస్తాడు. టేపు అద్దం పగలకుండా ఆపదు, పగిలినప్పుడు పెద్ద పెంకులుగా రాలుస్తుంది.

ఒక్క మాట. గాలి వెళ్లిపోగానే మమ్మల్ని విప్పేయండి. బద్ధకించి నెలల తరబడి ఉంచేస్తే, ఇంట్లో మంటలు లేచిననాడు కిటికీలోంచి బయటపడే దారి ఉండదు.