మామగారికో సన్మానపత్రం

అయ్యా ఫ్రీడ్రిక్ వీక్ గారూ,

లోకం మిమ్మల్ని ఓ ప్రేమకథలో విలన్‌గా లెక్కేసింది. లైప్‌జిగ్‌లో పియానోలు అమ్ముతూ, అద్దెకిస్తూ, పాఠాలు చెబుతూ బతికిన మీకు ఇన్నేళ్లలో ఒక్క శాలువా కప్పిన పాపాన ఎవరూ పోలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ సన్మానపత్రం.

ముందుగా మీ పితృవాత్సల్యం. భార్య మీతో వేగలేక వెళ్లిపోతే, సాక్సనీ చట్టం చూపించి ఐదేళ్ల కూతురు క్లారాను వెనక్కి తెచ్చుకున్నారు. పియానో నేర్పారు. ఆమె పేరిట డైరీ తెరిచి, "నేను" అంటూ మీరే రాశారు. కూతురికి శ్రమ లేకుండా కూతురి ఆత్మకథ రాసిపెట్టిన తండ్రి మరొకడున్నాడా? 1828లో తొమ్మిదేళ్ల పిల్లను గెవాండ్‌హౌస్ వేదిక ఎక్కించారు. పదహారేళ్లకు ఆమె తన సొంత కాన్‌చెర్టో వాయిస్తే వాద్యబృందాన్ని నడిపింది మెండెల్సన్. పద్దెనిమిదేళ్లకు వియన్నా ఆస్థానం బిరుదిచ్చింది. ఇన్ని పాలిచ్చే ఆవును ఎవడో తోలుకుపోతుంటే ఏ రైతు ఊరుకుంటాడు?

వచ్చినవాడు పరాయివాడు కాదు, మీ ఇంట్లోనే ఉండి మీ దగ్గరే పాఠం నేర్చుకున్న రాబర్ట్ షూమన్. పెళ్లికి మీరు పెట్టిన షరతులు విని నేను లేచి నిలబడి దండం పెట్టాను. కూతురు ఆస్తిలో వాటా వదులుకోవాలి. కచేరీల్లో తను సంపాదించిన సొమ్ము తమ్ముళ్లకు విడిచిపెట్టాలి. కన్యాశుల్కం పుచ్చుకున్న తండ్రులు మాకూ తెలుసు. దాన్ని కన్య దగ్గరే వసూలు చేయబోయినవారు మీరొక్కరే.

వ్యవహారం కోర్టుకెక్కింది. అల్లుడు తాగుబోతన్నారు. మాట స్పష్టంగా రాదన్నారు. చేతిరాత అర్థం కాదన్నారు. చేతిరాత చూసి సంబంధాలు కాదనుకుంటే మా ఊళ్లో డాక్టర్లంతా బ్రహ్మచారులుగానే మిగిలేవారు. తాగుడు మీరు రుజువు చేయలేకపోయారు, పైగా పరువునష్టం కింద మీకే 18 రోజుల జైలు శిక్ష పడింది. ఈలోగానే 1840 సెప్టెంబర్ 12న, క్లారా ఇరవయ్యొకటో పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, పెళ్లి జరిగింది.

రికార్డుల అట్టల మీద కథ ఇక్కడ ఆగిపోతుంది, పాత సినిమాలో శుభం కార్డు పడ్డట్టు. మీ మీద నాకు గౌరవం మొదలైంది మాత్రం ఆ తర్వాతే. విలన్ ఇంట్లో ఆ పిల్ల పొద్దస్తమానం పియానో వాయించింది. హీరో ఇంట్లో గోడలు పలచన. ఆయన స్వరాలు కడుతున్నంతసేపూ ఆమె పియానో మూత తెరవకూడదు.  ఆ మూత ఎన్ని గంటలు పడి ఉందో మీరే లెక్కేసుకోండి, లెక్కల్లో మీరు ఘనులు.

పద్నాలుగేళ్లలో ఎనిమిది కాన్పులు. 1844లో రష్యాలో ఆమె కచేరీలు చేస్తుంటే, 'ఆవిడగారి భర్త' హోదా మోయలేక ఆయన కుంగిపోయాడు. ఆమె తెచ్చిన డబ్బు మాత్రం ఏమీ కుంగలేదు. 1849 డ్రెస్డెన్ తిరుగుబాటులో ఆయన్ను తుపాకీ పట్టమని జనం ఇంటికొస్తే, భార్యనూ పెద్ద కూతురినీ తీసుకుని పెరటిదారిన జారుకున్నాడు. మిగతా పిల్లలు ఇంట్లోనే ఉండిపోయారు. వాళ్లను తేవడానికి రాత్రిపూట పొలాలకు అడ్డంపడి వెళ్లింది ఏడు నెలల కడుపుతో ఉన్న క్లారా. రొమాంటిక్ యుగం అంటే ఇదే కాబోలు.

అన్నట్టు, మీ పెద్దమనసు సంగతి మరిచాను. 1843 డిసెంబర్‌లో అల్లుడి స్వరరచన 'పారడైస్ అండ్ ద పెరి'కి చప్పట్లు మోగాయి. అదే నెలలో రాజీకి పిలుస్తూ మీ ఉత్తరం అల్లుడింటికి చేరింది. ఈలోగా ఆయన చేతిరాత బాగుపడినట్టుంది!

1854లో రాబర్ట్ రైన్ నదిలో దూకాడు. రెండేళ్లకు పైగా మానసిక ఆసుపత్రిలో ఉండి అక్కడే పోయాడు. ఆ జబ్బు మీద నేను నవ్వను. ఆ రెండేళ్లూ, ఆ తర్వాతా ఇల్లు గడిచింది క్లారా వేళ్ల మీద. 1891 దాకా వేదిక దిగలేదు. స్వరరచన మాత్రం భర్త పోయాక దాదాపు మానేసింది. ఆడది అందుకు ఆశపడకూడదని ఇరవై ఏళ్లప్పుడే, పెళ్లికి ముందే డైరీలో రాసుకుంది. ఆ వాక్యంలో "నేను" మీరు కాదు, ఆమే. మీ పాఠం అంత బాగా వంటబట్టింది.

సన్మానమన్నాక శాలువాతోపాటు నూటపదహార్లు ఇవ్వాలి. 1990ల్లో జర్మనీ వంద మార్కుల నోటు వేసింది. ముందువైపు క్లారా, వెనకవైపు పియానో. అదొకటి కవర్లో పెట్టి మీ చేతికిద్దామనుకున్నాను. తమ్ముళ్ల పేర జమ వేసేస్తారని మానుకున్నాను. శాలువాతో సరిపెట్టుకోండి.