రోట్లో తల పెట్టినవాడు

మా బావమరిది ఇరవై రెండు వేలకి క్వాడ్ బైక్ కొన్నాడు. ఈ ముక్క రాయగానే మా ఆవిడ వెనకనుంచి తొంగిచూసి, "వాడి సంగతి పేపరుకెక్కించారంటే ఊరుకోను" అంది. పేరు రాయనని మాటిచ్చాను. అయినా కడియం చుట్టుపక్కల వాళ్ళకి పేరుతో పనేముంది? కొంగలా ఇనప మెడ సాచుకుని బండి నిలబడ్డ దొడ్డి ఏదంటే చిన్నపిల్లాడు కూడా దారి చూపిస్తాడు.

ఆ బండి పూర్వాశ్రమంలో విశాఖ బీచిలో ఉద్యోగం చేసింది. ఇసుకలో రౌండుకి ఇంత అని పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే బాపతు. పదేళ్ళ పాటు ఉప్పుగాలి పీల్చింది. బండికి తుప్పు పట్టిందనడం కన్నా తుప్పుకి బండి పట్టిందనడం న్యాయం. బ్రేకుల్లేవు, ముందు దీపాల్లేవు, సైలెన్సరుకి తాడు కట్టి ఉంది. "కారుచౌక బావా, కొత్తదయితే లక్షలు" అన్నాడు. కొత్తది కొనాలని ఎవరూ అనలేదు. పాతది కొనాలనీ అనలేదు. కానీ లేని ఖర్చుని ఊహించుకుని, దాంట్లోంచి ఉన్న ఖర్చుని తీసేసి, మిగిలినదాన్ని లాభంగా రాసుకునే లెక్క మా అత్తవారింట తరతరాలుగా ఉంది.

బండితో పని ఏమిటంటే, క్రేను చెయ్యాలి. క్రేనుతో పని ఏమిటంటే, రోలు కదపాలి.

మా అత్తవారి పాత పెంకుటిల్లు పడగొట్టినప్పుడు దూలాలు ఒకరు, ద్వారబంధాలు ఒకరు పట్టుకుపోగా రోలు మిగిలింది. మిక్సీలొచ్చాక రోళ్ళకి పదవీ విరమణ అయిపోయింది కదా. ఇప్పుడు వాటిని తోటలో పెట్టి, నీళ్ళు పోసి, కలువలు పెంచడం గొప్పింటి లక్షణం. గేటు పక్కన దిగిన రోలు నలభై అడుగుల అవతల మామిడిచెట్టు కిందికి చేరాలి. మావాడు టేపు పెట్టి కొలిచాడు. అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నల్లరాయి ఘనపుటడుగుకి సుమారు 75 కిలోలు తూగుతుంది. మధ్య గుంట పోను 160 కిలోలని తేల్చాడు. లెక్క తప్పనడానికి లేదు. ఆ లెక్క అక్కడితో ఆపేయడమే తప్పు.

"నలుగురు కూలీల్ని పిలవరా" అన్నాను.

"ఈ రోజుల్లో మనుషులెక్కడ దొరుకుతున్నారు బావా!"

ఈ మాట అంటున్నది కడియంలో. తెల్లారితే చాలు, పిల్లమొక్క దగ్గర్నుంచి ఇద్దరు పట్టినా చేతులు కలవని పామ్ చెట్టు దాకా నర్సరీ కూలీలు మట్టిగడ్డతో సహా లారీలకెక్కించే ఊళ్ళో. మా మాట మధ్యలోనే అలాంటి లారీ ఒకటి గేటు ముందునుంచి వెళ్ళింది. చెట్ల మీద ఆరుగురు కూర్చుని ఉన్నారు. మావాడు వాళ్ళని చూడలేదు, ఆ లారీకి ఎన్ని టైర్లున్నాయో చూశాడు.

తప్పు పూర్తిగా వాడిది కూడా కాదు. 2019లో 'మల్లేశం' సినిమా వచ్చింది. అది చూసి అందరికీ కన్నీళ్ళొచ్చాయి, మావాడికి వెల్డింగు మిషనొచ్చింది. చింతకింది మల్లేశం గారు చీరల నూలుకి ఆసు పోసి పోసి తల్లి భుజం పడిపోతుంటే చూడలేక ఏళ్ళ తరబడి కుస్తీ పట్టి ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మా అత్తగారి భుజం దివ్యంగా ఉంది. రోలు జరపమని ఆవిడ ఎవర్నీ అడగలేదు. కందకు లేని దురద కత్తిపీటకి పుడితే పద్మశ్రీ ఇవ్వరని నేను చెప్పలేదు, చెప్పినా వినిపించదు. గ్రైండరు చప్పుడు.

ఏనుగుని కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడడు కదా. విశాఖ నుంచి ట్రాలీ ఆటోకి 6,500. నాలుగంగుళాల సి ఛానలూ పైపులూ 11,000. వెల్డింగు మేస్త్రీకి 9,000. పన్నెండు వోల్టుల వించ్, తీగతాడుతో సహా, 12,500. రంగులు, బోల్టులు, మేస్త్రీ టీలు, మేస్త్రీ బామ్మర్ది టీలు కలిపి 4,000. ఇరవై రెండు వేల చవక బండి అరవై అయిదు వేల దగ్గర ఊపిరి పీల్చుకుంది.

వించ్ పెట్టెలో ఓ చిన్న పుస్తకం కూడా వచ్చింది. బురదలో దిగబడ్డ బండిని అడ్డంగా లాక్కోవడానికే ఇది, బరువులు నిలువునా ఎత్తడానికి వాడొద్దు అని అందులో నల్లటి అక్షరాలతో ఉంది. నేను వేలు పెట్టి చూపించాను. "అలా రాయకపోతే వాళ్ళ మీద కేసులేస్తారు బావా, అందుకని రాస్తారు" అన్నాడు. సిగరెట్టు పెట్టె మీద బొమ్మ గురించి కూడా మావాడి అభిప్రాయం ఇదే.

ఆదివారం పొద్దున్నే ముహూర్తం. పసుపు రాసి బొట్లు పెట్టి, నాలుగు టైర్ల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. రోలు నడుముకి పగ్గం బిగించి కొక్కేనికి తగిలించారు. మావాడు సీటెక్కి మీట నొక్కాడు.

వించ్ మూలిగింది. తాడు బిగిసింది. రోలు కదల్లేదు.

కదిలినవి వేరే ఉన్నాయి. ఈ బళ్ళకి టైర్లు బుడగల్లా ఉంటాయి, ఇసుకలో దిగబడకుండా. కారు టైరులో ముప్ఫై పైచిలుకు గాలి కొడితే వీటిలో నాలుగైదుకి మించదు. ముందు టైర్లు రెండూ అట్టుల్లా పరుచుకున్నాయి. బండి కదిలేటప్పుడు తొక్కాల్సిన నిమ్మకాయలు నిలబడ్డచోటే చిట్లిపోయాయి. ముందు స్ప్రింగులు కూలబడ్డాయి. వెనక చక్రాలు మెల్లగా నేల విడిచిపెట్టాయి. సీటు మీదున్న మా బావమరిది, మీట మీంచి వేలు తియ్యకుండానే, ఉత్సవ విగ్రహంలా పైకి లేచాడు.

క్రేను పనిచేసింది. తగిలించినదాన్ని ఎత్తమంటే ఎక్కినవాణ్ణి ఎత్తింది.

ఇందులో గూఢమేమీ లేదు. పార్కులో పిల్లలు ఎక్కే తూగుడుబల్ల లెక్కే. ముందు ఇరుసుని మధ్య మొద్దనుకోండి. దానికి ఆరడుగుల ముందు 160 కిలోల రోలు, అంటే 960. ఇనప మెడ సొంత బరువు నలభై, సగటున మూడడుగుల దగ్గర, ఇంకో 120. మొత్తం 1,080. ఇవతల బండి బరువు 120 కిలోలు, అది ఇరుసుకి అడుగున్నర వెనక పడుతుంది, 180. తేడా 900. వెనక క్యారేజీ ఇరుసుకి నాలుగడుగులు. 900ని నాలుగుతో భాగిస్తే 225 కిలోలు. ఈ లెక్క నేను కరెంటు బిల్లు వెనక వేసి చూపిస్తే మావాడు కాసేపు చూసి, నా భుజం తట్టి, "మనిషికి అరవై వేసుకుంటే నలుగురు చాలు బావా" అన్నాడు.

అలా ఎక్కాం. నేను, వెల్డింగు మేస్త్రీ, పాలు పొయ్యడానికొచ్చిన అబ్బాయి, పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు గారు. క్యారేజీ మీద ఇద్దరు, వాళ్ళ ఒళ్ళో ఇద్దరు అన్నట్టుగా సర్దుకున్నాం. మీట నొక్కాడు. ఈసారి రోలు లేచింది. నిజంగానే లేచింది, జానెడు. అందరం చప్పట్లు కొట్టబోయి, చేతులు వదిలితే పడతామని మానేశాం. రోలు ఉయ్యాలలా అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. అది ఊగినప్పుడల్లా మేమూ ఊగాం. ఇంజను తొక్కితే స్టార్టయింది గానీ, అట్టుల్లా పరుచుకున్న ముందు టైర్ల మీద హ్యాండిలు తిరగలేదు. సరే కిందికి దించమంటే వించ్ టిక్కు టిక్కుమని ఆగిపోయింది. బరువు మీద వించ్ గుంజే కరెంటుకి, స్కూటరు బ్యాటరీ అంత బ్యాటరీ ఎంతసేపని ఆగుతుంది!

పరిస్థితి ఇదీ. రోలు గాల్లో ఉంది. దిగదు. మేము బండి మీద ఉన్నాం. మేమూ దిగడానికి లేదు. మాలో ఒక్కడు దిగినా మిగతావాళ్ళు విశాఖ వైపు ఎగురుతారు. మా అత్తగారు కాఫీలు తెచ్చి ఒక్కొక్కరికీ చేతికందించారు. ఆవిడ ముఖంలో ఏ భావమూ లేదు.

నలభై నిమిషాలు కూర్చున్నాం. కూర్చున్నాక మాటలొస్తాయి. అసలు ఈ జాతి బళ్ళకి మొదట్లో మూడే చక్రాలని నేను చెప్పాను. హోండా వాళ్ళు 1970లో మూడు చక్రాలతో అమెరికాలో దించారు. అవి తిరగబడి జనం ఆసుపత్రుల పాలవుతుంటే 1988లో అక్కడి ప్రభుత్వంతో ఒప్పందమై కొత్తవి అమ్మడం మానేశారు. ఆ లోపే సుజుకీ నాలుగో చక్రం తగిలించింది. అంటే ఆ నాలుగో చక్రం తిరగబడకుండా ఉండడానికి పుట్టింది. దాని ఫలం దక్కకుండా చెయ్యడానికి మావాడికి నలభై మూడు వేలయింది.

"బండిని ఇలా మార్చడానికి రూలు ఒప్పుకోదయ్యా, మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షనుంది" అన్నారు హెడ్మాస్టరు గారు కాఫీ చప్పరిస్తూ. "నంబరే లేదు కదండీ మాస్టారూ, మార్చడమేంటి?" అన్నాడు మావాడు. పుట్టినట్టు దాఖలా లేనివాడికి చావేమిటన్న ధీమా.

హైదరాబాదులో ఉన్న మా తోడల్లుడికి ఫోన్ చేశాను. "హైడ్రాని పిలిపిద్దామనుకుంటున్నాం" అన్నాను. మేస్త్రీలంతా అడ్డంగా దూలంలాంటి చెయ్యి ఉన్న ఆ పసుపుపచ్చ క్రేనుని హైడ్రా అనే అంటారు మరి. అవతల గొంతు తడబడింది. "ఎందుకూ, మీ ఇల్లు చెరువులో ఉందా?" చెరువుల్లో కట్టిన ఇళ్ళు కూల్చే ప్రభుత్వ సంస్థకి ఆ పేరొచ్చాక, అంటే 2024 నుంచీ, భాగ్యనగరంలో ఆ మాటకి క్రేను అనే అర్థం చెరిగిపోయిందని నాకప్పుడు గుర్తొచ్చింది.

హెడ్మాస్టరు గారే మళ్ళీ అన్నారు. "మనమిప్పుడు చేస్తున్నది ఏమిటో తెలుసా? ఏతాం." నిజమే. నుయ్యి మీద నిలువు స్తంభం, దాని మీద పొడుగాటి దూలం, ఒక కొసన బాన. మనిషి దూలం మీద అటు నడిస్తే బాన మునుగుతుంది, ఇటు నడిస్తే లేస్తుంది. మా చిన్నప్పటికే కనుమరుగైన పనిముట్టుని మావాడు పెట్రోలు పోసి, బ్యాటరీ పెట్టి, మళ్ళీ కనిపెట్టాడు. తేడా ఒకటే. ఏతాం తొక్కేవాడు నడవగలడు.

అప్పుడొచ్చాడు పెద్దాయన. పక్క నర్సరీలో పని. తలకి తువ్వాలు, చేతిలో గునపం. గేటు దగ్గర ఆగి మమ్మల్ని ఒక్కొక్కర్నీ చూశాడు, రోలుని చూశాడు.

"ఏటండీ బాబూ, ఫొటో దిగుతున్నారా?"

సంగతి చెప్పాం. గోడవార పడున్న ఇటికలు నాలుగు తెచ్చి రోలు కింద పేర్చాడు. "ఆయ్, ఇక దిగండి" అన్నాడు. దిగాం. ఇనప మెడ వంగింది, రోలు ఇటికల మీద కూర్చుంది. పగ్గం విప్పాడు. గునపం అడ్డం వేసి రోలుని ఒక పక్కకి ఒరిగించి కిందికి దించి, చేత్తో తట్టాడు.

"దీన్ని ఎత్తడం ఎందుకండీ? గుండ్రంగానే ఉంది కదా."

నలభై అడుగులూ దొర్లించాడు. వాలు ఉన్నచోట పాలబ్బాయి ముందు నిలబడి ఓ చెక్క అడ్డం పెట్టాడు. ఎంతసేపు పట్టిందో చెప్పను, మా ఆవిడకిచ్చిన మాటలో బావమరిది పరువు కూడా ఉంది. మావాడు మూడొందలిస్తే పెద్దాయన వంద తీసుకుని, మిగతాది తిరిగిచ్చి, టీ అడిగాడు.

రోట్లో ఇప్పుడు కలువ ఉంది. మామిడిచెట్టు నీడకి మొగ్గ వెయ్యడం లేదు, అది వేరే సంగతి. క్రేను మాత్రం గేటు దగ్గరే ఉండిపోయింది. ముందు టైర్లలో గాలి పోయింది. పాత ఇనుముకి అమ్మేద్దామంటే మావాడు ఒప్పుకోడు. అంత పనిమంతురాలిని ఊరికే ఎలా నిలబెడతామని, కొక్కేనికి దిష్టి తగలకుండా బూడిద గుమ్మడికాయ వేలాడదీశాడు. మూడు కిలోలుంటుంది. వెనక ఎవరూ కూర్చోనక్కర్లేదు.

మొన్న అమావాస్యకి కాయ కుళ్ళింది, కొత్తది మార్చాలి. మీట నొక్కితే బ్యాటరీ పలకలేదు. వంటింట్లోంచి స్టూలు తెచ్చుకుని మావాడే ఎక్కి మార్చాడు. స్టూలుకి ఓ కాలు పొట్టిది కావడంతో నేను పట్టుకున్నాను.