ఎర్ర టెస్టుకు అక్షింతలు

టెస్టు ఫెయిలైందా? కోడ్ జోలికి పోకండి. తప్పంతా ఆ ఎక్స్‌పెక్టెడ్ ఫైలుది. ప్రోగ్రాం ఏం ప్రింట్ చేయాలో నిరుడెప్పుడో ఎవరో రాసిపెట్టారు. ఇవాళ మీది ఇంకేదో ప్రింట్ చేసిందంటే కాలం మారిందన్నమాట, ఫైలూ మారాలి.

టెస్టులకు జెస్ట్ వాడేవాళ్లకు కమాండ్ చివర డాష్ యు చాలు, ఫైలు దానంతటదే మారిపోతుంది. ప్రోగ్రాం ఏం కక్కితే అదే సరైన జవాబు. ఒకప్పటి ఎంసెట్‌లో మీరు ఏ బబుల్ దిద్దితే కీ అటు జరిగినట్టు. రస్ట్ కంపైలర్ వాళ్లు ఇంకాస్త భక్తిపరులు, తమ ఫ్లాగుకు బ్లెస్ అని పేరు పెట్టారు. ఓకామల్ వాళ్ల డ్యూన్‌లో దీన్ని ప్రమోట్ అంటారు. పని ఎలా చేసినా ప్రమోషన్ వచ్చే చోటు అదొక్కటే. (అదొక్కటే కాదు లెండి.) ఇన్‌స్టా అని ఇంకోటుంది, రీల్స్ కాదు, రస్ట్ లైబ్రరీ. అది ఒక్కో మార్పునూ పెళ్లిచూపుల్లా ముందు కూర్చోబెట్టి నచ్చిందా అని అడుగుతుంది. తలెత్తకుండా ‘ఎ’ నొక్కుతూ పొండి.

అసలు మెళకువ డిఫ్ ఎవరూ చదవకుండా చూసుకోవడంలో ఉంది. అవుట్‌పుట్‌లో ఇవాళ్టి తేదీ, టైము, వీలైతే మీ ల్యాప్‌టాప్ ఫోల్డర్ పేరు కూడా పడనివ్వండి. రోజూ అన్ని ఫైళ్లూ మారుతుంటే ఏ మార్పూ కంటపడదు. తేదీ ఉన్నచోట మారని మాటేదైనా పెట్టి పోల్చుదామనే ఛాదస్తులుంటారు. వాళ్లను వేరే ప్రాజెక్టుకు పంపండి.

నా సంగతే చెప్తాను. శుక్రవారం సాయంత్రం, కింద క్యాబ్ హారన్ కొడుతోంది. ఇన్‌వాయిస్ టెంప్లేట్‌లో చిరునామా మార్చాను. 214 స్నాప్‌షాట్లు, అంటే ఆ ఎక్స్‌పెక్టెడ్ ఫైళ్లే, ఎర్రబడ్డాయి. డాష్ యు కొట్టాను, పచ్చబడ్డాయి.

“ఏందిది, డిఫ్ ఇంత పెద్దగుంది?” అన్నాడు రివ్యూ చేసే అన్న.

“స్నాప్‌షాట్లే అన్నా.”

“అయితే ఓకే.”

చిరునామాతోపాటు చెయ్యి తగిలి పన్ను కలిపే లైను కూడా ఎగిరిపోయింది. డిఫ్‌లో ఎక్కడో అడుగున మైనస్ గుర్తుతో ‘మొత్తం 1,180.00’, దాని కిందే ప్లస్ గుర్తుతో ‘మొత్తం 1,000.00’. 18 శాతం జీఎస్‌టీ హాయిగా వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఆ టెస్టు ఒక్కరోజు తప్పకుండా వెయ్యి రూపాయలకే కాపలా కాసింది.

మూడు వారాలకు కొత్తగా చేరిన అమ్మాయి పన్ను లేదేమిటని కలిపింది. టెస్టు ఫెయిలైంది. “ఏదో పాడుచేశావమ్మా, ఆ మార్పు తీసెయ్” అన్నాం అందరం. తీసేసింది. పాసైంది.