పోడు వార్త రాయు విధానం

కొత్తగా కంట్రిబ్యూటర్‌గా చేరిన తమ్ముడికి శుభాకాంక్షలు. గొంతులేని వాళ్లకు గొంతుక మనమేనని యాజమాన్యం సభల్లో చెబుతుంది కదా, ఆ గొంతుక ఎలా పలకాలో నాలుగు ముక్కలు చెబుతా, రాసుకో.

తొలకరి పడగానే ఏజెన్సీలో పోడు గొడవ మొదలవుతుంది. గూడెందాకా పోవాలని ఉబలాటపడకు. పెట్రోలు నీది, కంపెనీ ఇచ్చేది లైన్ అకౌంటు, అచ్చయిన లైనుకింత. రేంజర్‌కు ఫోన్ కొట్టు, తర్వాత ఎస్సైకి కొట్టు. వార్త అయిపోయింది. ‘ప్లాంటేషన్ పనులను అడ్డుకున్న గిరిజనులు’ అని హెడ్డింగ్ పెట్టు. జేసీబీ కందకం తీసింది ఎవరి చేలోనో డెస్క్ అడగదు, నువ్వూ రాయకు. రేంజర్ సారుకు పేరు, హోదా, ఫొటో ఉండాలి. జేసీబీకి ఎదురు నిలబడ్డామెకు ‘ఓ గిరిజన మహిళ’ చాలు. సోడి, మడివి, కుంజా అని ఇంటిపేర్లు పెడితే అచ్చుతప్పులు పడతాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఆమె పెట్టుకున్న దరఖాస్తు ఏమైంది, గ్రామసభ ఏం తీర్మానించింది అనేవి రాస్తే స్పేస్ లేదంటారు.

గోదావరి వరద మాత్రం మన సీజన్. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. గంటగంటకూ స్క్రోలింగ్ వేయాలి. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. చూశావా, నీటిని దశాంశంతో సహా కొలిచాం. ఆ వరదలోనే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ భద్రాచలం వచ్చి, క్లౌడ్ బరస్ట్‌ల వెనక విదేశీ కుట్ర ఉందంటున్నారని చెప్పారు. చానళ్లకు ఇంకేం కావాలి? ఏ వాగు ఎటు ఎగదన్నిందో కోయ ముసలామెకు తెలుసు గానీ, ఆమెకు తెలుగు అంతంత మాత్రం, చానల్‌కు కోయ భాష అసలే రాదు. అందుకని భాష రానిది ఆమెకేనని తేల్చాం.

ఎటపాక ఊసెత్తకు. అది భద్రాచలాన్ని ఆనుకునే ఉంటుంది గానీ, 2014లో ఏడు మండలాల విలీనంలో ఆంధ్రాకు పోయింది. అక్కడ ఇళ్లు మునిగితే వేరే ఎడిషన్ చూసుకుంటుంది. గోదావరి విభజన చట్టం చదవలేదు, మన డెస్క్ చదివింది.

ఇదంతా కక్ష అనుకునేవు, కానే కాదు. వార్షికోత్సవానికి నీకు యాడ్ టార్గెట్ ఉంటుంది. కాంట్రాక్టరు ఫుల్ పేజీ ఇస్తాడు, లీడరు పుట్టినరోజుకు అరపేజీ ఇస్తాడు. పోడు రైతు ఏమిస్తాడు, ఇప్పపూల సీజన్ శుభాకాంక్షలా? యాడ్ ఇచ్చినవాడి మాట వినకపోతే మర్యాదేనా?

ఆదివాసీలకు చోటు లేదని ఎవరైనా నిలదీస్తే తడబడకు. ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవానికి వేసిన కలర్ ఫొటో చూపించు. కొమ్ము నృత్యం, డోలు, నడుమ కొమ్ముల తలపాగాతో మంత్రిగారు. క్యాప్షన్‌లో ఒక్క పేరే ఉంటుంది. అది ఎవరిదో నీకు చెప్పక్కర్లేదు.

చివరిగా ఒక లెక్క. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి ఇంగ్లిష్, హిందీ మీడియాలో 121 నాయకత్వ స్థానాలను పరిశీలిస్తే 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీలు సున్నా, ఎస్టీలు సున్నా. అది మన తెలుగు లెక్క కాదులే అని తప్పించుకునేవు. రేపు ఆఫీసుకు పోయినప్పుడు ఎడిటర్ నుంచి డెస్క్ ఇన్‌చార్జి దాకా లెక్కపెట్టి, ఆ వార్త కూడా పంపి చూడు. ఎన్ని లైన్లు అచ్చవుతాయో, నీ అకౌంటులో ఎంత పడుతుందో నీకే తెలుస్తుంది.