చదరపు అడుగు ఎంత?

మా తోడల్లుడి కొడుకు హైదరాబాదులో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాడు. సెలవులకి రాజమండ్రి వచ్చి, పెసరట్టు తింటూ, "బాబాయ్, మీ ఊళ్లో ఆర్ట్ సీన్ ఎలా ఉంటుంది?" అని అడిగాడు.

చుట్టాలకి చూపించడానికి మా దగ్గర ఒక వరస ఖాయంగా ఉంది. పుష్కరాల రేవు, కోటిలింగాల రేవు, ఆర్చి బ్రిడ్జి, ధవళేశ్వరం ఆనకట్ట, కడియం నర్సరీలు, మధ్యలో దాహమేస్తే రోజ్ మిల్క్. అందులో ఆర్టు లేదు. సీన్లంటారా, కూరగాయల బజారులో రోజూ జరుగుతూనే ఉంటాయి. అయినా కుర్రాడి ముందు ఊరి పరువు పోకూడదని వాణ్ని బయల్దేరదీశాను. చూసి తీరాలని మా ఆవిడా వచ్చింది.

వీధి మొగలోనే పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి రోడ్డుకి అడ్డంగా ఉంది. నేను దాని కిందనించి వంగి దాటబోతుంటే వాడు ఆగిపోయాడు.

"ఇది అజంతా పద్ధతి బాబాయ్."

అజంతా మొదటి గుహలో పద్మపాణి తన చుట్టూ ఉన్నవాళ్లందరికన్నా పెద్దగా ఉంటాడట. మనిషి కొలత మనిషి స్థాయిని బట్టి. నేనూ తల ఎత్తి చూశాను. నిజమే. నాయకుడుగారు నిలువెత్తున, పుట్టినరోజు బాబు నల్లకళ్లద్దాలతో నడుం దాకా, ఆ కింద మిత్రబృందం మెడల దాకా, అట్టడుగు వరసలో చందా ఇచ్చినవాళ్లు వట్టి తలకాయలు. ఎవరి తల పక్కన ఎవరి తల ఉండకూడదో, ఎవరిది అరంగుళం తగ్గితే వార్డు రెండు ముక్కలవుతుందో ఆ డీటీపీ కుర్రాడికి తెలిసినంత ఎన్నికల సంఘానికి కూడా తెలియదు. కంపోజిషన్ అంటే అదే కదా అన్నాడు మావాడు. కాదనడానికి నాకేం చదువుందని?

ఫ్లెక్సీ రాకముందు ఈ ఊళ్లో చేత్తో రాసే ఆర్టిస్టులుండేవారు. సైకిలు హ్యాండిలుకి రంగు డబ్బాలు తగిలించుకుని వచ్చి, దారం లాగి గీత కొట్టి, కిళ్లీ నమిలేలోపు కిరాణా కొట్టుకి బోర్డు రాసేసేవారు. సినిమా బ్యానర్లయితే ఫొటో మీద గళ్లు, గుడ్డ మీద గళ్లు గీసి, గడికి గడి పెంచుకుంటూ హీరోగారి ముక్కుని మూడడుగులు చేసేవారు. ముక్కు కుదరలేదో, అభిమానులు హాలు ముందే నిలదీసేవారు. అంత నిక్కచ్చి చిత్ర విమర్శ ఆ తర్వాత నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

ఇక విగ్రహాలు. మా జిల్లాల్లో నాలుగు రోడ్లు కలిశాయంటే మధ్యలో ఎవరో ఒకరు నిలబడి ఉండాల్సిందే. వీటికి పుట్టిల్లు కోనసీమలో కొత్తపేట. అక్కడి శిల్పశాలల్లో ముందు మట్టితో బొమ్మ చేస్తారు, దానిమీద అచ్చు తీస్తారు, ఆ తర్వాతే ఫైబరైనా కంచైనా. అసలు తమాషా అంతా మట్టి దశలో ఉంటుంది. కుటుంబ సభ్యులు, కమిటీ సభ్యులు వ్యానేసుకుని చూడటానికి వస్తారు. శిల్పికి వాళ్లిచ్చిన ఆధారం రేషను కార్డు మీది ఫొటో. "నాన్నగారు ఇంకాస్త నవ్వాలండి" అని పెద్దకొడుకు. "ఆయన నవ్వగా ఎప్పుడు చూశావురా?" అని మేనత్త. పొట్ట తగ్గించమని ఒకరు, జుట్టు పెంచమని ఒకరు. పోయినాయన మట్టిలో ఉన్నంతసేపూ ఇంటిల్లిపాదీ ఆయన్ని దిద్దుతారు. బతికుండగా ఆ ధైర్యం ఎవరికీ లేకపోయింది మరి.

మర్నాడు ఒక హాల్లో స్థానిక చిత్రకారుల ప్రదర్శన ఉందని తెలిసి వెళ్లాం. ముఖ్య అతిథి వచ్చేదాకా బొమ్మల మీద గుడ్డ తియ్యరు. ఆయన వచ్చాక జ్యోతి, ఆ తర్వాత శాలువాలు. శాలువాలు కప్పేవాళ్లకి కూడా శాలువాలు. బొమ్మలు వేసినాయన మాత్రం వెనకాల టీ గ్లాసులు లెక్కపెడుతున్నాడు. గుడ్డ తీసేసరికి జనం సగం, సమోసాలు పూర్తిగా అయిపోయాయి.

బొమ్మల్లో నూటికి తొంభై గోదావరి. అన్నింట్లోనూ సూర్యాస్తమయం, అన్నింట్లోనూ ఆర్చి బ్రిడ్జి. ఒక్కదాంట్లో వట్టి నీళ్లు, పడవ, అవతలి ఒడ్డు. నాకదే నచ్చింది. పక్కనున్న పెద్దమనిషికి నచ్చలేదు.

"బ్రిడ్జి లేకపోతే గోదావరని ఎలా తెలుస్తుందండి?" అన్నాడు. తర్వాత చిత్రకారుణ్ని పిలిచి, "చదరపు అడుగు ఎంత పడుతుంది?" అని బేరం మొదలెట్టాడు. ఫ్లెక్సీలు కొట్టించి కొట్టించి అలవాటైన చెయ్యి. పాపం, చిత్రకారుడు ఒక్క క్షణం మనసులో లెక్క కట్టుకోవడం నేను చూశాను.

ఆఖరికి అసలు చోటుకి బయల్దేరాం. ఆటో ఆపి, "దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీకి వస్తావా?" అన్నాను.

"ఏ ఆసుపత్రి పక్కనండి?"

ఈ ఊళ్లో చిరునామాలన్నీ అంతే. "ఆసుపత్రి కాదు, బొమ్మలుంటాయి, గోదావరి గట్టు దగ్గర" అన్నాను. "ఆయ్, అలా చెప్పండి మరి, ఎక్కండి" అన్నాడు. దించాక తనూ చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

రామారావు గారు 1897లో ఈ ఊళ్లోనే పుట్టారు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర కుర్రాడి చేతిలో పస కనిపెట్టి, బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి వెళ్లేలా చూశాడు. క్లాసులో బొమ్మలు గీస్తే ఇప్పటి ప్రిన్సిపాళ్లు తండ్రిని పిలిపిస్తారు. ఆ దొర దగ్గరే అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం కూడా తయారయ్యారు. బొంబాయిలో చదివిన రామారావు గారు అక్కడే స్థిరపడకుండా సొంతూరికి వచ్చి చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచి తీసుకుపోయింది. అప్పటికి ఇరవై ఎనిమిదో ఏడు నిండలేదు. ఆ తర్వాత బడి బరువు వెంకటరత్నం గారు మోశారు.

గోడల మీద ఉన్నవాటిలో నీటి రంగులే నన్ను కట్టిపడేశాయి. ఆర్చి బ్రిడ్జి కట్టింది 1990లలో కాబట్టి రామారావు గారి గోదావరికి ఆ అవసరం లేకపోయింది, అయినా చూడగానే మన గోదావరే. బుద్ధుడి కథ అనగానే చిత్రకారులు ఇల్లు వదిలే రాత్రి మీద పడతారు. ఈయన మాత్రం 'సిద్ధార్థ రాగోదయం' అని, ఆయనకి మనసులో ప్రేమ పుట్టిన ఘడియ గీశారు. గోదావరివాడు కదా, సన్యాసం సంగతి తర్వాత చూసుకుందాం అనుకున్నట్టున్నారు. మావాడు గంటసేపు ఫ్లెక్సీ, అజంతా, కంపోజిషన్ అన్నీ మర్చిపోయి నోరు మూసుకు నిలబడ్డాడు. వాడు రెండు రోజుల్లో ఇచ్చిన సమీక్షలన్నిటిలో నాకదే నమ్మకంగా అనిపించింది.

మా ఆవిడ 'పుష్పాలంకరణ' ముందు ఆగింది. రామారావు గారి భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా బొమ్మలు వేసేవారని నేను చెప్పాను. నూరేళ్ల కిందటే ఇంటి ఆడవాళ్ల చేతికి కుంచె ఇచ్చిన ఇల్లు అని కొంచెం గొంతు పెంచాను.

"మీ ఇంట్లో చీపురు ఇచ్చారు" అంది.

ఆటో అబ్బాయి ఒక పడవ బొమ్మ దగ్గర చాలాసేపు ఉండి, "రేవు మా తాతగారి టైములో ఇలాగే ఉండేదంటండి" అన్నాడు. ఎవరి బొమ్మ అని గానీ, ఎంత అని గానీ అడగలేదు.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. మీరంతా ఎలాగూ వస్తారు. మునిగి లేచాక ఒక్క గంట మిగుల్చుకుని గట్టు వెంబడి ఆ గ్యాలరీకి నడవండి. బట్టలు మాత్రం ఆరబెట్టుకుని మరీ వెళ్లండి, లోపలున్నవి నీటి రంగులు.