దేవుడి కళ్లుగప్పి పారిపోవడం ఎలా? కంచరపాలెం వాసులకు సూచనలు

దేవుడు ఫలానా చోటికి పొమ్మంటే పోవడం ఇష్టంలేని వాళ్ల కోసం ఈ సూచనలు. ఈ విద్యకు ఆద్యుడు ఆదాము. తోటలో చెట్ల చాటున నక్కాడు. కంచరపాలెం సందుల్లో అన్ని చెట్లు లేవు కాబట్టి బైబిల్ ప్రవక్త, అమిత్తయి కొడుకు యోనా పద్ధతే మనకు గతి.

1. దిక్కు పద్ధతిగా తప్పండి. నీనెవె ఇప్పటి ఇరాక్‌లో మోసుల్ దగ్గర ఉండేది. నేలదారిన అటు పొమ్మంటే యోనా యొప్పే రేవుకు పోయి తర్షీషు ఓడ ఎక్కాడు. మిమ్మల్ని కిరండూల్ రైలెక్కమంటే విశాఖ పోర్టుకెళ్లి అండమాన్ ఓడ ఎప్పుడో కనుక్కోండి.

2. చార్జీ ముందే కట్టెయ్యండి. యోనా కట్టాడు. నడి సముద్రంలో దింపేశారు. డబ్బు వాపసు ఇచ్చినట్టు ఎక్కడా లేదు.

3. రేవు దాటేదాకా తలెత్తకండి. ఓడలు పోయే దారి పక్కనే మూడు కొండలు: ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకన్న గుడి. 1933లో పోర్టు మొదలవక ముందు నుంచీ కాపలా అక్కడే. అసలు పనితనం ఇక్కడే కావాలి.

4. ఓడ అడుగుకు దిగి పడుకోండి. తుపానుకు సరుకంతా సముద్రంలో పారేస్తున్నా లేవకండి. 2014లో హుద్‌హుద్ చూసినవాళ్లకు నిద్ర పట్టడం కాస్త కష్టమే.

5. నోరు విప్పకండి. సముద్రాన్నీ నేలనూ చేసిన దేవుడికి దొరక్కుండా పోతున్నానని యోనా చెప్పుకున్నాడు, అదీ సముద్రం మీద! చివరికి ఆ ఓడవాళ్లే ఆ దేవుడికి మొక్కుబళ్లు చెల్లించారు. ఉద్యోగం ఎగ్గొట్టడానికి పోయి దారిలోనే డ్యూటీ చేసినట్టయింది.

6. యోనాను మింగిన చేపలాంటిదాని మీద ఆశ పెట్టుకోకండి. 2021లో తంతడి తీరానికి భారీ వేల్ షార్క్ కొట్టుకొస్తే మళ్లీ సముద్రంలోకి పంపారు. ఒళ్లు ఎంత ఉన్నా అది తినేది చిన్నాచితకా జీవాలనే. మూడు రాత్రుల బస మనకు దొరకదు.

7. పారిపోయే కారణం ఎవరికీ చెప్పకండి. యోనా తన గ్రంథం నాలుగో అధ్యాయంలో కక్కేశాడు: నువ్వు దయగలవాడివి, నీనెవె వాళ్లను క్షమించేస్తావని నాకు ముందే తెలుసన్నాడు. అనుకున్నంతా అయింది. ఊరు మారింది, దేవుడు మెత్తబడ్డాడు, ప్రవక్త అలిగాడు. నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోతే చచ్చిపోతానన్న మనిషికి లక్షా ఇరవై వేల మందికి పైగా ఉన్న ఊరు బతికినందుకు కోపం.

కాబట్టి టికెట్ కొనే ముందు ఒక్కటి తేల్చుకోండి. మీకు గిట్టనిది దేవుడా, ఆయన క్షమించబోయే పక్కింటాయనా? పక్కింటాయనే అయితే ఓడ ఖర్చు దండగ. తిరిగొచ్చాక కూడా ఆయన ఆ గోడవతలే ఉంటాడు.