కోసిందెవరో చెప్పండి

మా రోజుల్లో ఫోను కోసేవాడికి కూడా ఒక పేరుండేది. కుర్చీ ఉండేది, బల్లమీద హోదా రాసిన చెక్క ఉండేది. బిల్లు కట్టలేదని లైను తీసేస్తే, తీసెయ్యమన్న కాగితం మీద ఎవడో ఒకడి సంతకం కచ్చితంగా ఉండేది. ఇప్పుడు కుర్రాళ్ల బతుకుతెరువునే రాత్రికి రాత్రి కోసేస్తున్నారు. కోసిందెవరని అడిగితే చెప్పే నాథుడు లేడు.

టెలిఫోను బిల్లుల సెక్షన్లో గుమాస్తాగా చేరి, అక్కడే జుట్టు నెరిసి రిటైరైనవాణ్ణి నేను. మాది స్వర్ణయుగమని కోతలు కొయ్యను. దరఖాస్తు పెట్టిన ఏళ్లకు గానీ కనెక్షన్ రాని రోజులవి. వచ్చాక లైన్‌మన్‌కి దసరా మామూలు ఇవ్వకపోతే వానాకాలమంతా ఫోను మూగదే. అవన్నీ నిజమే. కానీ తప్పు జరిగితే ఏమయ్యేదో వినండి.

మిర్చి కమీషన్ వ్యాపారి చేతిలో రశీదు పట్టుకుని, కేకలేస్తూ మా సెక్షన్లోకి వచ్చేవాడు. "ఏమండీ గుమస్తాగారూ, డబ్బు కట్టించుకుని ఫోను కోస్తారా?" అనేవాడు. మేం లెడ్జరు తిప్పేవాళ్లం. కట్టిన సొమ్ము ఒక్క అంకె తేడాతో పక్క నంబరుకి జమపడి ఉండేది. వేలు పెట్టి చూపించేవాళ్లం, "ఇదిగో, ఇక్కడ పడింది మీది" అని. అకౌంట్స్ ఆఫీసరు పొట్టి సంతకం ఒకటి గిలికితే, ఆ కాగితం ఎక్స్‌ఛేంజికి వెళ్లేది. సాయంత్రానికి ఆ వ్యాపారి ఫోను మోగేది. మాతోనూ పని తెమలకపోతే పైన అదాలత్ ఉండేది. ఆపైన 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో తర్వాతెప్పుడో చేర్చిన 7బి సెక్షన్ ప్రకారం మధ్యవర్తి ఉండేవాడు. ఆ మధ్యవర్తిని వేసేదీ ప్రభుత్వమే, అది వేరే సంగతి.

ఇక మా మనవడి కథ. పాల కేంద్రాలవాళ్లకి పనికొచ్చే చిన్న యాప్ రాశాడు. ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతమెంత, బిల్లెంత, అంతే. ఊళ్లల్లో వాళ్లు బాగానే వాడుకుంటున్నారు. ఒకరోజు యాప్‌లు అమ్మే ఆ పెద్ద అంగడి నుంచి మెయిలొచ్చింది. గతంలో రద్దయిన ఏదో ఖాతాతో వీడి డెవలపర్ ఖాతాకి సంబంధం ఉందట, కాబట్టి రద్దట. ఏ ఖాతా? చెప్పరు. ఏం సంబంధం? చెప్పరు. చెబితే దొంగలు తెలివిమీరతారట.

"ఫోన్ చేసి అడగరా," అన్నాను.

"నంబరుండదు తాతయ్యా."

"ఆఫీసుకెళ్దాం పద."

"వెళ్లినా గేటు దాటనివ్వరు. ఫారం నింపడమే."

అర్ధరాత్రి ఫారం నింపి పంపాడు. లేచి మంచినీళ్లు తాగి వచ్చేలోపు జవాబు: 'మీ అప్పీలును క్షుణ్ణంగా పరిశీలించాం, మా నిర్ణయంలో మార్పు లేదు.' ఆ వేళప్పుడు, అంత వేగంగా, క్షుణ్ణంగా! మా సెక్షన్లో ఫైలు కట్టుతాడు విప్పడానికే అంతకన్నా ఎక్కువ సేపు పట్టేది.

తర్వాత కూర్చుని ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, ఇలాంటి సంబంధాలు యంత్రం కడుతుంది. ఒకే కంప్యూటర్లోంచి ఇద్దరు లాగిన్ అయినా, ఒకే కార్డుతో రుసుం కట్టినా, ఎప్పుడో పనిలో సాయం చేసినవాడికి మన ఖాతాలోకి అనుమతిచ్చి తీసెయ్యడం మర్చిపోయినా, వాడి పాపం మనకి చుట్టుకోవచ్చు. దొంగలు పదేసి ఖాతాలు తెరుస్తారు కాబట్టి ఈ ఏర్పాటు. అవసరమే, కాదనను. నా తగాదా పట్టుకోవడం గురించి కాదు, పట్టుకున్నాక ఎందుకు పట్టుకున్నారో చెప్పకపోవడం గురించి.

పెద్దవాళ్లకైతే దారులు వేరు. 2024 మార్చిలో వీడియో గేములు చేసే ఎపిక్ గేమ్స్‌వాళ్ల స్వీడన్ కంపెనీ డెవలపర్ ఖాతాని యాపిల్ రద్దు చేసింది. యూరప్ అధికారులు ఇదేమిటని అడిగేసరికి రోజుల్లోనే తిరిగిచ్చింది. అక్కడ చట్టముంది మరి. ఖాతా ఆపితే కారణం రాసివ్వాలి, ఫిర్యాదు మీద నిర్ణయాన్ని ఒట్టి యంత్రానికే వదిలెయ్యకూడదు అని యూరప్ డిజిటల్ సేవల చట్టంలోనే రాసుకున్నారు. 2024 ఫిబ్రవరి నుంచి అది పూర్తిగా అమల్లో ఉంది. మన దగ్గరా 2021 ఐటీ నిబంధనల్లో ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు బయటపెట్టాలని రాశారు. ఆయన నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకోవడానికి 2023లో కేంద్రం కమిటీలు వేసింది. కంప్యూటర్ చదువు చదివిన మా వాడికి ఈ సంగతే తెలియదు. పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో దాక్కున్న ఆ పేరుని భూతద్దం పెట్టి వెతికింది నేను.

మావాడు రాసిన అప్పీలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 'నా కలలన్నీ కూలిపోయాయి, దయచేసి కనికరించండి' అని ఉంది. ఒరేయ్, కనికరం అడిగితే ఫైలు కదలదురా అని, పాత పద్ధతిలో నేను చెబుతూ ఇంకోటి రాయించాను. ఖాతా నంబరు, రద్దయిన తేదీ, యాప్ చేసే పని రెండు ముక్కల్లో, ఖాతాలోకి ఎవరెవరికి ఎప్పటినుంచి ఎప్పటిదాకా అనుమతి ఉందో వరసగా, రుసుం కట్టిన రశీదు, గుర్తింపు కార్డు. జతపరిచినవి అంటూ నంబర్లు కూడా వేయించాను. ఫిర్యాదుల అధికారికి ఒక ప్రతి.

కొన్నాళ్లకి ఖాతా తిరిగొచ్చింది. నా అర్జీ చూసి ఇచ్చారో, మరో యంత్రం మనసు మార్చుకుందో తెలియదు. పొరపాటైందన్న మాట లేదు. ఈ మధ్యలో కొత్తవాళ్లెవరికీ యాప్ దొరకలేదు, ఉన్నవాళ్లకి కొత్త సవరణలు అందలేదు. ఆ నష్టం ఎవరి లెడ్జర్లోనూ ఎక్కలేదు.

మీ ఇంట్లోనూ యాప్‌లు రాసే పిల్లలుంటే చెప్పండి. ఖాతా పోయిందని కంగారుపడి వెంటనే ఇంకోటి తెరవొద్దు, దాన్నీ పాతదానితో ముడిపెట్టి తీసేస్తారు. యాప్ కోడు, దానిమీద సంతకంగా వాడే తాళంచెవి ఫైలు ఇంకోచోట దాచుకోమనండి. పని మానేసినవాడి అనుమతి ఆరోజే తీసెయ్యమనండి. అప్పీలు చాలాచోట్ల ఒక్కసారే వింటారు, కాబట్టి కోపం చల్లారాక, రుజువులన్నీ చేతిలో పెట్టుకుని రాయమనండి.